చావింటి కాఫీ

వర్షం వెలిసి, కేసాన్ కొండదారి మీద పొగమంచు పాకుతున్న వేళ, రొడెల్ తన పాత వ్యానును నెమ్మదిగా నడుపుతున్నాడు. ప్రక్కన భార్య నెనితా కూర్చున్నది. లారీ నడుపుతూ కునుకు పట్టి లోయలో పడి చనిపోయిన స్నేహితుడు అందోయ్ శవజాగరణకు వెళ్లి, ఇద్దరూ తిరిగి వస్తున్నారు. ఇంట్లో ఎనిమిది నెలల పాప నాయనమ్మ దగ్గర ఉన్నది.

"కళ్లు మూతలు పడుతున్నాయి నీకు. ఆపు," అన్నది నెనితా.

"నా కళ్లే అంత. మన పెళ్లి ఫోటోలో చూడు, అప్పుడూ ఇంతే."

"వేళాకోళం చాలు. చావింటి నుంచి తిన్నగా ఇంటికి పోతామా? చచ్చినవాడు వెంటే వస్తాడు, దారిలో ఎక్కడైనా దిగి దులుపుకోవాలి. ఇంట్లో పసిది ఉంది."

ఆ మాటకు రొడెల్ నవ్వలేదు. ఆ ఆచారాన్ని అతడేనాడూ తప్పలేదు.

మలుపు తిరిగేసరికి రోడ్డు ప్రక్కన టార్పాలిన్ పందిరి, ట్యూబులైట్లు, ప్లాస్టిక్ కుర్చీలలో పేకాడుతున్న మనుషులు కనిపించారు. లారీవాళ్ల హోటలనుకొని అతడు వ్యాను ఆపాడు. ఒక ముసలామె అడగకుండానే రెండు కప్పుల కాఫీ, బిస్కెట్లు తెచ్చి ఇచ్చింది. రొడెల్ గటగట త్రాగాడు.

"ఇక తెల్లారేదాకా నడుపుతా, చూడు!"

నెనితా కప్పును పెదవుల దాకా తెచ్చి ఆగిపోయింది. ఏదో మైనం వాసన... వాడిన పూల వాసన. పందిరి చివరకు చూచింది. కొవ్వొత్తులు. దండలు. గాజుమూత వేసిన పెట్టె.

"రొడెల్... ఇదీ చావిల్లే."

ఒకరిని వదిలించుకొందామని దిగి, మరొకరిని తగిలించుకొన్నారు.

ఇద్దరూ కప్పులు క్రింద పెట్టి లేచారు. చావింటివారు ఎవరినీ సాగనంపరు. అయినా ఆ ముసలామె వ్యాను దాకా వచ్చింది.

"మెల్లగా పోండి, నాయనా. మావాడు తోడుంటాడులే."

తరువాతి ఊరు నలభై కిలోమీటర్ల దూరం. దారిలో ఒక్క దీపం లేదు. రొడెల్ తల మళ్లీ వాలిపోతున్నది. నెనితా స్టీరింగు పట్టుకొని, బండిని రోడ్డు ప్రక్కకు తీయించింది.

"ఈ రాత్రి ఇంటికి వద్దు. ఇక్కడే పడుకుందాం. వీళ్లను పాప దగ్గరికి తీసుకుపోను."

"సరే," అని అతడు వెనుకకు వాలాడు.

ఆమె కిటికీ వైపు తిరిగి అత్తగారికి ఫోను చేసింది. అవతల గుసగుస వినిపించింది.

"మెల్లగా మాట్లాడవే, పాప ఇప్పుడే పడుకుంది. మీరు పంపినవాళ్లిద్దరూ ఊయల ఊపుతున్నారు."

"ఎవరు... అత్తయ్యా?"

"ఏమో, నోరు విప్పరు. సరేగానీ, మనవాడికేమైందే? ఎంత పిలిచినా గుమ్మంలోనే నిలబడ్డాడు."

"మనవాడెవరు?"

"రొడెలే. ఇంకెవరు?"

నెనితా మెల్లగా ప్రక్కకు తిరిగింది.

సీటు ఖాళీగా ఉన్నది. తలుపుకు లోపలి గడియ వేసే ఉన్నది. సీటు బెల్టు మాత్రం పెట్టినది పెట్టినట్లే, ఒక మనిషి ఛాతీ ఎత్తున గాలిలో నిలిచి ఉన్నది. ఊపిరి తీస్తున్నట్లు... మెల్లగా లేస్తూ... పడుతూ...