తొట్టి అడుగున చప్పుడు

నలభై చేపలతో మొదలైన కథ ఇది. కానీ ఆ వీధిలో ఎవర్నడిగినా చేపల ఊసెత్తరు... మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ వెనక తొట్టి మంచిది కాదని మాత్రం చెబుతారు.

చీకటి పడ్డాక ఆ నీళ్లలోంచి చప్పుడు వస్తుందట. టక్... కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ టక్... లోపలున్న మనిషెవరో తలుపు తీయమని గోటితో కొడుతున్నట్టు.

ఎవరో ఆవిడ అందులో పడి చచ్చిపోయిందన్నారు. నిజానికి ఎవరూ పడలేదు. అయినా చప్పుడంటూ ఉన్నాక శవం లేకపోతే ఎలా? కాపలావాడు రెండు రాత్రులు ఓర్చుకుని, చెప్పులు కూడా వదిలేసి పారిపోయాడు.

ఫ్యాక్టరీ బాబాయ్‌ది. ఆయన అన్నకొడుకు నీళ్లలో అంతరించిపోతున్న జీవాల మీద పరిశోధన చేస్తాడు. బాబాయ్ దృష్టిలో మాత్రం వాడు చేపలోడు.

"తెల్లారేసరికి మట్టి లారీ వస్తుందిరా చేపలోడా. తొట్టి పూడ్చేస్తున్నా. నీవేమైనా మిగిలుంటే ఈ రాత్రే తీసుకుపో."

ఆ మాటకు అతనికేమీ అనిపించలేదు.

ఏరు ఎండిపోయాక ఆ చేపల జాతిలో మిగిలినవి ఆ నలభయ్యే. రెండేళ్లు గాజు తొట్లలో పెంచాడు. లెక్కపెట్టడం తేలికని అడుగున ఒక్క రాయి లేకుండా తుడిచిపెట్టాడు. ఒక్కటీ గుడ్డు పెట్టలేదు. ఆఖరి ప్రయత్నంగా కిందటి వానల్లో తెచ్చి ఈ ఫ్యాక్టరీ తొట్టిలో వదిలాడు. తర్వాత ఎన్నిసార్లు వల వేసినా ఖాళీయే. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత అదీ రావడం మానేసింది. నలభైలోంచి నలభై పోతే సున్నా... పసిపిల్లలు చేసే లెక్క.

ఆ రాత్రి టార్చి, వల, మూత డబ్బా పట్టుకుని వచ్చాడు. బాబాయ్ గేటు దగ్గరే ఆగిపోయాడు.

"నువ్వెళ్లు. నాకు మోకాళ్ల నొప్పులు."

"నొప్పులు మోకాళ్లకేనా బాబాయ్?"

"నోర్మూసుకుని పో. వెనక్కి మాత్రం చూడకు."

తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి.

టక్...

ఒళ్లు జలదరించాల్సిన చోట ఏమీ కాలేదు. పోనీలే, ఇక్కడ దెయ్యమైనా మిగిలింది అనుకున్నాడు.

టక్...

బోర్లా పడుకుని, టార్చి వెలుగు వేళ్ల సందుల్లోంచి కొద్దిగా మాత్రమే పడేలా మూసి, నీళ్ల మీదికి వంగాడు. మోచేతిలోతున ఐసు గడ్డలు కట్టే పాత రేకు అచ్చు ఒకటి బోర్లా పడి ఉంది. దాని పక్కన... ఏదో కదిలింది.

బొటనవేలంత చేప. నోట్లో గులకరాయి.

మెల్లగా పైకి ఈది, పక్కనున్న రాళ్లకుప్ప మీద వదిలింది. రాయి జారి రేకుకు తగిలింది. టక్... దాని వెనకే ఇంకో చేప, ఇంకో రాయి. కుప్ప సందుల్లో ఆవగింజంత గుడ్లు... ఒక్కో గుడ్డులో రెండు నల్లటి కళ్లు.

నవ్వాలి. కేక పెట్టాలి. తెలుసు. కానీ బుర్ర దాని పని అది చేసుకుపోతోంది. కుప్ప కదిపితే కాపలా చేపలు పోతాయి, గుడ్లు పోతాయి. చేపలని బాబాయ్‌కి చెబితే? "అంతేనా, డబ్బాలో వేసుకుపో" అంటాడు. లారీ ఆగదు.

వేళ్లు జారి వెలుగు మొత్తం నీళ్ల మీద పడింది. చేపలు చెల్లాచెదురయ్యాయి. చటుక్కున టార్చి ఆర్పేశాడు.

చీకటి. చప్పుడు లేదు.

"ఒరేయ్... ఉన్నావా?" గేటు దగ్గర్నుంచి బాబాయ్.

చేపలు ఇంకా బెదురుతాయని గట్టుకు అంటుకుపోయి పడుకున్నాడు.

చెప్పుల చప్పుడు దగ్గరగా వచ్చింది... సగంలో ఆగింది. తర్వాత బాబాయ్ గొంతు. అడుగుతున్నది అతన్ని కాదు.

"అమ్మా... వాడు పిచ్చోడు తల్లీ. చేపల కోసం వచ్చాడు, నీ జోలికి రాలేదు. వాణ్ని వదిలెయ్."

చెప్పులు ఇంకో అడుగు ముందుకు జరిగాయి.

"పూడ్చడం నీకిష్టం లేకపోతే... ఒక్కసారి కొట్టు. లారీ వద్దని చెప్పేస్తా."

నీళ్లు కదల్లేదు. బెదిరిన చేపలు ఈ రాత్రికి ఇక రాయి ముట్టవు. ఆ సంగతి అతనికి తెలుసు.

"కొట్టవా తల్లీ... అయితే పూడ్చెయ్యమనేనా?"

పుట్టి బుద్ధెరిగాక తప్పుడు లెక్క ఎవరికీ చెప్పనివాడు... గట్టు మీద తడిమి ఒక గులకరాయి తీసుకున్నాడు. చెయ్యి నీళ్లలోకి దించి, ఆ రేకు ఎక్కడుందా అని చీకట్లో వెతకసాగాడు.