నాలుగు పెట్టెల్లో ఒక గుండె

ఆంబులెన్స్ డ్రైవర్ సూరన్న శవం ఆస్పత్రి వెనక, బట్టలు ఉతికే గది పక్కన దొరికింది. మెడ చుట్టూ తాడు గుర్తు. ఒంటి మీద ఖాకీ చొక్కా లేదు. ఆ చొక్కా తొడుక్కున్నవాడెవడో తొమ్మిదిన్నరకు ఎక్స్‌రే అని చెప్పి ఒక పేషెంటును ఆంబులెన్స్‌లో ఎక్కించుకుపోయాడు. ఆ పేషెంటు పేరు నీలకంఠం.

నీలకంఠం నేవీ ఇంజనీరు. నీటి అడుగున సబ్‌మెరైన్ కదిలితే చప్పుడుతో పట్టేసే సోనార్ యంత్రం ఆయనదే. దాని డ్రాయింగులు సగం కాగితం మీద, సగం ఆయన తలలో ఉన్నాయి. అందుకే విదేశీ ముఠా కాగితాల జోలికి పోకుండా మనిషినే ఎత్తుకుపోయింది.

1985, మార్చి నెల. పదకొండు గంటలకు ఏజెంట్ సన్యాసిరాజుకు ఢిల్లీ నుంచి ఫోన్ వచ్చింది. చీఫ్ గొంతు.

"ఆల్బా అనే కార్గో షిప్. సాయంత్రం నాలుగుకు పోర్టు వదులుతుంది. మిత్రదేశం జెండా. ప్రూఫ్ లేకుండా ఆపలేం."

"ఆయన అందులోనే ఉన్నాడా సర్?"

"ఉన్నాడు. తీసుకురా. లేకపోతే వెళ్ళనివ్వకు."

ఆ చివరి మాట అర్థం రాజుకు తెలుసు. ఆ తల ప్రాణంతో దేశం దాటకూడదు. అయితే చీఫ్ ఫైల్లో లేని సంగతి ఒకటుంది. నీలకంఠం రాజుకు బావ. పెళ్ళి ఊరేగింపులో చోటు దొరక్క అలిగిన పదేళ్ళ రాజును కారులో తన పక్కనే కూర్చోబెట్టుకున్న పెళ్ళికొడుకు.

అక్క రామలక్ష్మమ్మ ఆస్పత్రి వరండాలో నిలబడి ఉంది. తమ్ముణ్ణి చూసి ఏడవలేదు. బావను ఇంటికి తెస్తావా, తేవా, ఒక్క మాట చెప్పమంది. రాజు ఆ మాట చెప్పలేక స్కానింగ్ గదిలోకి వెళ్ళిపోయాడు.

అక్కడ టెక్నీషియన్ లతీఫ్ ఉన్నాడు. వన్ టౌన్‌లో గడియారాలు బాగుచేసే కుటుంబం వాళ్ళది. యాభై దాటినవాడు.

"తొమ్మిదికి మీ బావకి టెక్నీషియం అనే మందు ఎక్కించినాను, రాజు భాయ్. అది రేడియో ధార్మికం. రక్తంలో కలిసి గుండెకాడికి పోద్ది, కాస్త కడుపులోకీ దిగుద్ది. అక్కణ్ణుంచి వొచ్చే కిరణాలతో గామా కెమెరా గుండె బొమ్మ తీస్తాది. బొమ్మ తీసే లోపలే మనిషిని పట్టుకుపోనారు."

"ఇంకా బావ ఒంట్లో ఉందా అది?"

"ఎందుకుండదు. ఆరు గంటలకి సగం అయిపోద్ది, మరో ఆరు గంటలకి అందులో సగం. ఇయ్యాల ఆయన దగ్గరికి మీటరు తీసుకెళ్తే సాలు, టిక్కుటిక్కుమంటాది."

రాజు ఆ ఒక్క మాట పట్టుకున్నాడు. రెండున్నరకు ఆల్బా నిచ్చెన ఎక్కింది ఏజెంటు రాజు కాదు, చెవుడున్న పోర్ట్ హెల్త్ ఆఫీసరు. తెల్లకోటు, చేతిలో టిఫిన్ క్యారేజీ. ఓడలో ఎలుకలు లేవని సర్టిఫికెట్ ఇవ్వాలంటే హెల్త్ ఆఫీసరు చూసి తీరాలి. క్యారేజీ కింది గిన్నెలో కిరణాలు కొలిచే సర్వే మీటరు ఉంది. దాని వైరు చొక్కా లోపల నుంచి చెవి మిషన్ దాకా వచ్చింది. వెనక ఎలుకల బోను, గడ్డపార మోసుకుంటూ లతీఫ్. కెప్టెన్ హెల్త్ ఆఫీసరు చెవి దగ్గర నోరు పెట్టి, త్వరగా కానివ్వమని ఇంగ్లీషులో అరిచాడు. రాజు ఇంకో రెండుసార్లు అరిపించుకున్నాడు.

డెక్ మీద బీరువా అంత చెక్క పెట్టెలు నాలుగున్నాయి. ఇనుప పట్టీలు, కస్టమ్స్ సీళ్ళు. రిపేరుకు వెళ్ళే మెషిన్ పార్టులని పైన రాసి ఉంది.

మొదటి పెట్టె దగ్గర చెవిలో టిక్కులు పెరిగాయి. రాజు ప్రాణం లేచొచ్చింది. రెండో పెట్టె దగ్గరా పెరిగాయి. మూడో దగ్గరా. నాలుగో దగ్గరా.

లతీఫ్ వంగి, చెక్కల సందులోంచి రాలిన నల్ల ఇసుక చిటికెడు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"సముద్రం ఒడ్డు ఇసక. ఇందులో మోనజైటు ఉంటాది. ఇదీ టిక్కుమంటాది, భాయ్. మన ఇంజెక్షన్ సంగతి ఆళ్ళకి తెలిసిపోనాది. మనల్ని తికమక పెట్టడానికి మూడిట్లో ఇసక పోసినారు. మిగిలిన పెట్టె సుట్టూ కూడా కాస్త జల్లీసినారు."

సీలు తెంచే అవకాశం ఒక్కసారే. తప్పు పెట్టె తెరిస్తే పద్నాలుగు మంది నావికులు మీద పడతారు. అలల్ని ఆపే బ్రేక్‌వాటర్ గోడ చాటున నేవీ లాంచి ఉంది. కానీ మనిషి కంటికి కనపడి, రాజు విజిల్ వేస్తేనే అది కదలాలని ఆర్డరు.

"ఏటి సేద్దాం, లతీఫ్ భాయ్?"

"ఆగుదాం."

"ఆగడమేటి? ఇప్పుడు మూడు కావత్తంది."

"ఇసక ఏనాటిదో. గంటలో మారదు. మన మందు మారుద్ది. గంటకి నూటికి పదకొండు తగ్గిపోద్ది. ఇప్పుడు ముల్లు సూసి రాసుకో. గంట పోయాక మళ్ళీ సూడు. ఏ పెట్టె తగ్గితే ఆ పెట్టెలో మీ బావ."

రాజు క్యారేజీ మూత ఎత్తి ముల్లు చూస్తూ ఎలుకల ఫారం మీద నాలుగు అంకెలు రాశాడు. 2200. 1900. 2100. 2400. టైం రెండు నలభై ఐదు.

తర్వాత గంటసేపు లేని ఎలుకల కోసం వెతికాడు. వంటగది చూశాడు, తాళ్ళ గది చూశాడు. నడుము దగ్గర పిస్తోలు తగులుతూనే ఉంది. అందులో ఆరు గుళ్ళు. ఓడ కదిలితే ఆ గుళ్ళు నాలుగు పెట్టెలకూ పంచాలి. లోపల గుండె జబ్బు మనిషి ఏ పక్కకు తిరిగి ఉన్నాడో, అసలు ఊపిరి ఉందో లేదో తెలీదు. మార్చి ఎండకు డెక్ ఇనుము కాలుతోంది. పెట్టెలో ఎలా ఉంటుందో తలుచుకుంటూ రాజు ఇంకోసారి వాచీ చూసుకున్నాడు.

మూడుంపావుకు మిస్ డెల్లా వచ్చింది. షిప్పింగ్ కంపెనీలో పనిచేస్తుంది. నల్ల కళ్ళద్దాలు, ఎత్తు మడమల చెప్పులు, నీలం షిఫాన్ చీర. రేషన్ కార్డులో ఆమె పేరు దేముడమ్మ. భీమిలి దారిలో చేపలు పట్టేవాళ్ళ పల్లె ఆమెది. ముఠాలో ఉంటూ రాజుకు కబుర్లు అందిస్తుంది. రాజు కబుర్లు ముఠాకు అందిస్తుందేమోనని అతనికి ఎప్పుడూ అనుమానమే.

రాజు కోడ్ మాట అన్నాడు. "సందువా సేపలు పడ్డాయా?"

"వల తెగిపోనాది." మనిషి ఇక్కడ లేడని అర్థం. ఆమె గొంతు తగ్గించింది. "మల్కాపురంలో గోడౌన్‌లో ఉన్నాడు. ఊపిరాడక కొట్టుకుంటన్నాడట. బేగి ఎల్లండి."

రాజు కాళ్ళు కదలబోయాయి. అంతలో చెవిలో టిక్కులు పెరిగాయి. పెట్టెలు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాయి. అతను అడుగు వెనక్కి వేశాడు, తగ్గాయి. ముందుకు వేశాడు, పెరిగాయి. టిక్కులు ఆమె పమిటలోంచి వస్తున్నాయి.

"పొద్దున్న ఆంబులెన్స్‌లో బావ నీ మీద కక్కుకున్నాడా, దేముడమ్మా?"

ఆమె చెయ్యి పమిట మీదికి పోయింది.

"ఆయన్ని పెట్టెలో ఎట్టి మేకులు కొట్టీసినారు. తెలుసా నీకు?"

"పెట్టేటి?" ఆమె కళ్ళద్దాలు తీసింది. "కేబిన్‌లో పడుకోబెడతామన్నారు. డాక్టర్ని ఎడతామన్నారు."

"ఏ పెట్టె?"

"నాకు తెలీదు. నిజంగా తెలీదు."

ఆమె తిరిగి కెప్టెన్ దగ్గరికి నడిచింది. చెప్పేస్తుందో, ఊరుకుంటుందో రాజుకు అర్థం కాలేదు. ఆపితే గొడవ. ఆపకపోయినా గొడవే. పెట్టెల దగ్గరికి వెళ్ళి వాచీ చూస్తూ నిలబడ్డాడు. లతీఫ్ పెదాలు మాత్రం కదులుతున్నాయి, దువా చదువుకుంటున్నాడు.

మూడు నలభై ఐదు. మొదటి పెట్టె, 2190. మారలేదు. రెండోది, 1910. మారలేదు. రేవు గట్టు మీద తాళ్ళు విప్పడం మొదలైంది. మూడోది, 2100. మారలేదు. నాలుగో పెట్టె వైపు తిరిగేసరికి కెప్టెన్ చెయ్యి భుజం మీద పడింది. ఇక చాలు, దిగిపొమ్మన్నాడు. నిచ్చెన పైకి లాగడానికి ఇద్దరు నావికులు సిద్ధంగా ఉన్నారు.

నాలుగో అంకె చూడడం కుదరలేదు. మూడూ ఇసుకే. నాలుగోది కూడా ఇసుకే అయితే, దేముడమ్మ కేబిన్ మాట నాటకమై మొదట చెప్పిందే నిజమైతే, బావ మల్కాపురంలో చచ్చిపోతాడు.

"నాలుగోది కొట్టు, భాయ్."

లతీఫ్ గడ్డపార ఎత్తాడు. మొదటి దెబ్బకు సీలు తెగింది. రెండో దెబ్బకు పట్టీ ఎగిరింది. కెప్టెన్ కోటు లోపలి నుంచి రివాల్వర్ తీశాడు. రాజు పిస్తోలు ఇంకా నడుము దగ్గరే ఉంది, తీసే వ్యవధి లేదు.

కెప్టెన్ పక్కటెముకలకు చల్లగా ఏదో తగిలింది. మిస్ డెల్లా హ్యాండ్‌బ్యాగ్‌లోని చిన్న పిస్తోలు.

"ఇది కేబిన్ కాదు, కెప్టెన్," అంది ఇంగ్లీషులో.

మూడో దెబ్బకు చెక్క ఊడింది. ఇసుక సంచుల మధ్య నుంచి ఒక పాదం కనపడింది. బొటనవేలికి ఆస్పత్రి చీటీ. రాజు విజిల్ వేశాడు. ఓడకు గట్టుతో మిగిలిన ఆఖరి తాడు విప్పుతున్న నావికుడు ఆ చప్పుడుకు ఆగిపోయాడు. బ్రేక్‌వాటర్ చాటు నుంచి నేవీ లాంచి వచ్చేసింది.

లతీఫ్ నీలకంఠం ఛాతీకి చెవి ఆనించి చాలాసేపు లేవలేదు.

"కొట్టుకుంటాంది," అన్నాడు లతీఫ్ చివరికి. "నెమ్మదిగా. కానీ కొట్టుకుంటాంది."

దేముడమ్మ తనంతట తానే పిస్తోలు డెక్ మీద పెట్టి, బేడీలకు చేతులు చాచింది. సూరన్నను చంపింది ఎవరో తనే చూపిస్తానంది.

ఆరు గంటలకు ఆస్పత్రిలో నీలకంఠం కళ్ళు తెరిచాడు. రామలక్ష్మమ్మ మంచం పట్టె మీద కూర్చుని ఆయన పాదాల ఇసుక తడిగుడ్డతో తుడుస్తోంది. తమ్ముణ్ణి చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. బొమ్మ ఇంకా తీయనే లేదనీ, ఒంట్లో మందు పలచబడిపోయిందనీ, సోమవారం మళ్ళీ సూది పొడవాలనీ, ముందు రోజు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదనీ లతీఫ్ వివరంగా చెప్పాడు.

నీలకంఠం అంతా విని, బావమరిది వైపు నెమ్మదిగా తల తిప్పాడు.

"ఒరే రాజూ, ఆ ఓడ మళ్ళీ ఎప్పుడు బయల్దేరుతాదో కనుక్కోరా."