హైంకెల్ కడుపులో మూడు దెబ్బలు

స్వార్ట్‌వాటన్ సరస్సు ఒడ్డున ఉన్న రేకుల షెడ్డు పేరెత్తితే చాలు, ఊళ్ళోవాళ్ళు మాట మార్చేస్తారు. నార్వే ఉత్తర కొసన డిసెంబరులో మధ్యాహ్నం రెండింటికల్లా ఉన్న కాస్త వెలుగూ ఆరిపోతుంది. ఆ తర్వాత కుక్కని తిప్పేవాళ్ళు కూడా అటు పోరు.

ఎందుకంటే... లోపల్నుంచి ఎవరో కొడతారట. టక్... టక్... ఇనుప దిమ్మతో రేకు మీద.

ఆ షెడ్డులో ఉన్నది యుద్ధం నాటి జర్మను బాంబరు, హైంకెల్. ఒక జనవరి రాత్రి గడ్డకట్టిన సరస్సు మీద దిగబోతే మంచు విరిగి మునిగిపోయింది. అయిదుగురిలో నలుగురు ఈదుకుని ఒడ్డెక్కారు. అయిదోవాడు, రేడియో చూసుకునే కుర్రాడు, రాలేదు. తెల్లారేదాకా మంచు కింద చప్పుడు వినబడిందనీ, విన్నవాళ్ళెవరూ ఇంటి తలుపు తియ్యలేదనీ చెప్పుకుంటారు. శత్రువు కదా. అరవై ఏళ్ళ తర్వాత విమానాన్ని పైకి లాగితే వాడి సీటూ బెల్టూ దొరికాయి. వాడు దొరకలేదు.

ఈ కథ వింటూ పెరిగిన పిల్ల సిన్నోవె. ఇరవై నాలుగేళ్ళది, రొట్టెల కొట్లో పని. అందరికీ భయం వేసే చోట ఆమెకి జాలి వేసేది. నిద్రపట్టని రాత్రుల్లో ఆ కుర్రాడి కళ్ళు ఏ రంగువో ఊహించుకునేది.

"ఏమే, నీ జర్మను మొగుడు ఎలా ఉన్నాడు?" అని కొట్టు యజమానురాలు బోర్గిల్డ్ రోజూ ఎత్తిపొడిచేది. "మన ఊరు తగలబెట్టినోళ్ళ బండికి తలంటు పోస్తున్నావట."

"బండేం చేసింది? తోలినవాళ్ళని అడుగు," అనేది సిన్నోవె పిండి పిసుకుతూ.

ఆ బండిని బాగుచేసే విమానం పిచ్చివాళ్ళ సంఘంలో ఒకప్పుడు పదకొండు మంది. ఇప్పుడు మిగిలింది ఇద్దరే. ఆమె, టోర్‌గ్రిమ్. డెబ్భై ఒక్కేళ్ళవాడు, పడవల మెకానిక్కుగా బతికినవాడు. ఎడమచేతి రెండు వేళ్ళు పడవ కప్పీలో పోయాయి. ఆరేళ్ళుగా ప్రతి శనివారం ఆమెకి పని నేర్పింది ఆయనే.

రేకుల్ని కలిపే రివెట్లు కొట్టడం ఒక్కరి పని కాదు. బయట ఒకరు గాలిసుత్తితో కొట్టాలి, లోపల ఒకరు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. మధ్యలో రేకు. ముఖాలు కనబడవు, మాట వినబడదు. అందుకే లోపలివాళ్ళు దిమ్మతో రేకు మీద తట్టి చెబుతారు. ఒక దెబ్బ — ఇంకాస్త కొట్టు. రెండు — బాగా కూర్చుంది. మూడు — చెడిపోయింది, తీసెయ్.

పోనుపోను ఆ తట్టడం వాళ్ళిద్దరికీ భాష అయిపోయింది. కాఫీ తాగుతూ బల్ల మీద ఒకసారి తడితే ఇంకో కప్పు పొయ్యమని. రెండుసార్లు తడితే చాలని. రేకు మీద టోర్‌గ్రిమ్ కొట్టే రెండో దెబ్బ ఎప్పుడూ రవ్వంత ఆలస్యంగా పడేది... వేళ్ళు లేని చెయ్యి దిమ్మని మళ్ళీ సర్దుకోవాలి కదా.

ఆయన దెయ్యాన్ని నమ్మేవాడు కాదు. అలాంటి మనిషి నవంబరులో ఒకరోజు ఆమె భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అన్నాడు:

"చీకటి పడ్డాక ఇటు రాకు, పిల్లా. నేను విన్నాను."

"ఏం విన్నావ్?"

"మూడు దెబ్బలు. లోపల ఎవరూ లేరు."

ఆయన మాట కాబట్టి నమ్మింది. మూడు వారాలు అటు పోలేదు.

సోమవారం దక్షిణాది నుంచి మ్యూజియం వాళ్ళు రావాలి. విమానం అసలుదేనని తేలితే ఊళ్ళోనే దానికి మంచి గది కట్టిస్తామన్నారు. తేలడమంటే మరేం లేదు — కడుపు కింది తలుపు పక్కన అరచేతంత నంబరు బిళ్ళ ఉంది. విమానానికి పేరూ పుట్టుకా అన్నీ అదే. ఎన్ని రేకులు మార్చినా బిళ్ళ ఉంటే విమానం ఉన్నట్టు. లేకపోతే ఎంత పాతదైనా తుక్కు.

శుక్రవారం సాయంత్రం సిన్నోవె ఉండబట్టలేకపోయింది. వచ్చేవాళ్ళ ముందు నేల దుమ్ముగా ఉంటే ఎలా? సంచీలో నాలుగు కుంకుమపువ్వు బన్నులు వేసుకుంది. రెండు తనకి, రెండు... ఎవరికో మనసులో కూడా అనుకోలేదు.

నాలుగే అయింది. చీకటి తారులా ఉంది. సరస్సు మీద మంచు బిగుసుకుంటూ మూలుగుతోంది.

షెడ్డు తలుపు తాళం తీసే ఉంది.

లోపల — చప్పుడు. టక్. ఆగింది. టక్.

హైంకెల్ ముక్కు అద్దాల వెనక సన్నటి వెలుగు కదిలింది. ఆమె విమానం పక్కనే ఆగిపోయింది. వెలుగు గభాలున ఆరిపోయింది.

"ఎవరూ?" అంది లోగొంతుకతో.

ఆరేళ్ళ అలవాటు. చెయ్యి తనంతట తానే లేచి చల్లటి రేకు మీద ఒకసారి తట్టింది.



లోపల్నుంచి జవాబొచ్చింది. టక్... ... టక్.

రెండు. రెండోది రవ్వంత ఆలస్యంగా.

ఆమెకి భయం పోయింది. దాని చోట ఇంకేదో వచ్చి కూర్చుంది, దిమ్మకన్నా బరువుగా.

"దిగు, టోర్‌గ్రిమ్."

కడుపు కింది తలుపులోంచి ముందు బూట్లు వచ్చాయి, తర్వాత మనిషి. చేతిలో టార్చి. ఆ వెలుగులో తలుపు పక్కన బిళ్ళ కనబడింది. కొత్తది. కాఫీ డికాక్షనూ వెనిగరూ పూసి పాతదానిలా చేసినది. మూడు మూలల్లో రివెట్లు పడ్డాయి, నాలుగోది ఖాళీ.

"అసలుది ఏది?"

"మంగళవారమే వెళ్ళిపోయింది," అన్నాడు నేల చూస్తూ. "సముద్రం అవతల ఒకాయన కొత్తగా కట్టిస్తున్నాడు. ఎగిరే హైంకెల్. మన బిళ్ళ పెట్టుకుంటే అదే అసలుది అవుతుంది."

"ఇది?"

ఆయన టార్చి వెలుగు బిళ్ళ మీంచి పక్కకి తిప్పాడు.

"ఎంతకి అమ్మావ్?"

"డబ్బు కాదే, పిల్లా. నన్ను ఎక్కించుకుంటానన్నాడు. ఒక్కసారి... గాల్లో దాని చప్పుడు వినాలి. ఇది ఎగరదు. ఇంకో వందేళ్ళు తోమినా ఎగరదు. నాకు డెబ్భై ఒకటి."

"మరి మూడు దెబ్బలు విన్నానన్నావు?"

"నిన్ను దూరంగా పెట్టాలి. తాళంచెవి నీ దగ్గరా ఉంది, తాళం వేస్తే ఆగవు. కథ అయితే ఆగుతావని తెలుసు."

ఆ మాట దగ్గర ఆమె గుండె చివుక్కుమంది. బిళ్ళ పోయినందుకు కాదు. తను ఒక్క మనిషికే చెప్పుకుంది, ఆ కుర్రాడి కళ్ళని ఊహించుకునే రాత్రుల గురించి. ఆ ఒక్క మనిషే దాన్ని తీసి ఆమెకే గొళ్ళెంలా పెట్టాడు.

"ఒక్క రివెట్టే మిగిలింది," టోర్‌గ్రిమ్ గుసగుసగా అన్నాడు. "ఒక్కణ్ణే రెండు పక్కలా ఉండలేక చస్తున్నా. లోపలికెళ్ళి దిమ్మ పట్టు. సోమవారం వాళ్ళు కనిపెట్టలేరు, ఊరికి గదీ వస్తుంది. ఆరేళ్ళు నేర్పాను... ఈ ఒక్కటి."

"నేను లోపలికి వెళ్ళను."

"సిన్నోవె..."

"వెళ్ళను."

ఇద్దరూ అలాగే నిలబడ్డారు, రేకుకి ఇవతల. పక్కపక్కనే. టార్చి ఆయన చేతిలోనే ఉంది.

లోపల దిమ్మ కదిలిన చప్పుడైంది.

టక్. టక్. టక్.

టోర్‌గ్రిమ్ ముఖంలో నెత్తురు లేదు. "నేను కాదు," అన్నాడు, అడగకుండానే. ఒక అడుగు వెనక్కి వేశాడు, ఇంకొకటి... తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాడు.

సిన్నోవె డ్రిల్లు అందుకుంది. ఒక రివెట్ తీసింది. రెండోది. మూడోది. దొంగ బిళ్ళ ఊడి నేల మీద పడి, గుండ్రంగా తిరిగి ఆగింది. తలుపు పక్కన నాలుగు చిల్లులు మిగిలాయి. సోమవారం అవే చూపిస్తుంది. ఎందుకు ఖాళీగా ఉన్నాయో కూడా చెబుతుంది.

సంచీలోంచి రెండు బన్నులు తీసి తలుపు అంచున పెట్టింది. రేకు మీద చెయ్యి ఆనించింది.

ఆ చేతి కిందనే, లోపల్నుంచి మెల్లగా తట్టారు.

టక్. టక్.

రెండోది ఆలస్యం కాలేదు.