అక్క పంపిన లింకు

పొద్దున్నే లంచ్ డబ్బా సర్దుకుంటూ చెల్లెలు మళ్ళీ ఫోన్ తీసి, అక్క పంపిన లింకు నొక్కింది. మళ్ళీ అదే. 'ఈ పేజీ తెరవడం సాధ్యం కాదు.'

పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చునే మనిషి ఆమె. రెండు పూటలా తోముతున్నామని తొణక్కుండా చెప్పేవాళ్ళని చూసీ చూసీ, ఎవరి మాటైనా ఒకటికి నాలుగుసార్లు తిప్పి చూడటం అలవాటైపోయింది. ఇక అక్క మాట ఒక లెక్కా?

అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడు, ఎవరింట్లో ఉండాలన్న దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. అక్క తనింటికి తీసుకెళ్ళిపోయింది. పిలిస్తేనే వెళ్తానని చెల్లెలు బిగుసుకుని కూర్చుంది. అక్క పిలవలేదు. దానికి బదులు, సాయంత్రం క్లాసుల్లో నేర్చుకుని తనే ఓ వెబ్ అప్లికేషన్ తయారుచేశానంది. అమ్మ నిద్ర, నడక, మాటలు రోజూ అందులో రాస్తుందట.

"నాకు బ్రహ్మాండంగా తెరుచుకుంటోందే!" అంది అక్క ఫోన్లో.

"మరి నాకే ఎందుకు తెరుచుకోదు?"

"నీ ఫోన్ పాతదేమో చూడు."

పాతదా! కొని ఏడాదైనా కాలేదు.

"మీ అక్క నీకు మాత్రం తాళం వేసిందేమో" అని భర్త పేపర్లోంచి తలెత్తకుండానే ఆజ్యం పోశాడు.

అంతే, ఆమెకి అన్నీ అర్థమైపోయాయి, అర్థం కానివి కూడా. అమ్మకి ఫోన్ ఇవ్వమంటే "ఇప్పుడే పడుకుంది" అని అక్క ముక్తసరిగా పెట్టేయడం గుర్తొచ్చింది. అమ్మకి బాగాలేదు. దాస్తోంది. ఇవాళే తీసుకొచ్చేయాలి. క్లినిక్‌కి సెలవు చెప్పి టాక్సీ ఎక్కింది.

అక్క తలుపు తీసీ తీయగానే పలకరింపైనా లేకుండా లోపలికొచ్చింది.

"అమ్మ బట్టలు సర్దు. కింద టాక్సీ ఆగి ఉంది."

"పిచ్చెక్కిందా నీకు?"

"ఏం దాస్తున్నావో ముందు అది చూపించు!"

అక్క ముఖం ఎర్రబడింది. భోజనాల బల్ల మీదున్న కంప్యూటర్ని ఇటు తిప్పింది. పేజీ ఠక్కున తెరుచుకుంది. అడ్డంగా సాగిపోయిన అమ్మ ఫొటో, ఓ పక్కకి జరిగిపోయిన నీలం బటన్లు. కింద అక్క రాతలు.

'ఇవాళ కర్ర పట్టుకుని వంటింటిదాకా నడిచింది.' 'చిన్నదెప్పుడొస్తుందని అడిగింది.' 'మళ్ళీ అడిగింది. ఇవన్నీ చదివితే వచ్చేస్తుందిలే అని చెప్పాను.'

చెల్లెలు చివరి వరుస రెండుసార్లు చదివింది. అయినా పట్టుదల చావక, అదే లింకు తన ఫోన్లో నొక్కి చూపించింది. అక్క కళ్ళముందే, తెరుచుకోలేదు. ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు.

అక్క వెంటనే తన మాస్టారికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. లింకు చదివి వినిపించగానే ఆయన పకపకా నవ్వాడు.

"అమ్మా, ఆ అడ్రసుకి అర్థం 'ఈ కంప్యూటరే' అని. మీది ఇంకా ఇంటర్నెట్‌లోకి ఎక్కలేదు. ఎవరికి పంపినా వాళ్ళ ఫోన్ తనలో తనే వెతుక్కుంటుంది."

అక్క కుర్చీలో కూలబడింది. "తెరుచుకోలేదంటే సాకులనుకున్నానే. రావడం ఇష్టం లేదనుకున్నాను."

"నేనేమో నువ్వు..." చెల్లెలికి ఏడుపొచ్చేసింది. లింకు తెరుచుకోకపోయినా ఈ తలుపు తెరిచే ఉంది. తనే రాలేదు.

"రేపే క్లాసులో అడిగి ఎక్కిస్తాను. ఇక నీ ఇంట్లో కూర్చునే చూడొచ్చు" అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ.

"ఏమీ అక్కర్లేదు." కర్ర టకటకలాడిస్తూ అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఇక్కడికొస్తేనే కనపడనీ దానికి. ఇవాళ్టిది రాయండి. ఇద్దరూ నా కోసం అరుచుకున్నారు, కాఫీ మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు."

ఏడుస్తూనే నవ్వింది చెల్లెలు. అక్క టాక్సీని పంపేయడానికి మెట్లు దిగుతోంటే, వంటింట్లోంచి కేకేసింది.

"అక్కా, చక్కెర ఏదే?"

"ఎడమ పక్క డబ్బా!"

ఎడమ పక్కది తీసింది. ఉప్పో చక్కెరో రుచి చూడకుండానే అమ్మ కాఫీలో వేసేసింది.