పెట్టె మీది పేరు

శంషాబాద్ నుంచి మంఖాల్ దిక్కు పోయే తొవ్వల గులాబి రంగు ఇల్లొకటి ఉన్నది. రెండంతస్తులు. ముందర వెలిసిపోయిన బోర్డు, దాని మీద గెస్ట్‌హౌస్ అన్న అక్షరాలల్ల సగం రాలిపోయినయ్. పొద్దుగూకినంక ఆ ఇంటి ముందర ఎవ్వడు బండి ఆపడు. టైరు పంక్చరైనా సరే, రిమ్ము మీదనే లాగిస్తరు గానీ ఆడ దిగరు.

ఎందుకంటే... ఆ ఇంట్లకెళ్లి ఒక ఆడమనిషి ఉరికొస్తదట. బండి ఎనకాల్నే ఉరుకుతదట, "అన్నా, ఆపు" అనుకుంట. అద్దంల చూస్తే కనపడ్తది. మెడ తిప్పి చూస్తే ఉండది.

చూసినోళ్లు నలుగురైదుగురున్నరు. అందరు డ్రైవర్లే. పాపం, ఆళ్లకు ఆమె ఏ కీడు చెయ్యలే. ఆమె ఎతుకుతున్నది ఆళ్లను కాదు. ఆమె ఎతికేటోడు వేరే ఉన్నడు, వాని పేరు నవీన్‌కుమార్.

పేరు వింటే పెద్దమనిషి అనుకుంటరు. వాని బతుకంతా ఎయిర్‌పోర్ట్ బయట తెల్లకారు పెట్టుకొని నిలబడుడు, వచ్చెటోళ్లను ముంచుడు. లైన్ల నిలబడే టాక్సీ డ్రైవర్లతోని వానికి పొత్తు లేదు, ఆళ్లు కష్టం చేసుకొని బతికేటోళ్లు. వీడు చాయ్‌ బండి ఎనక, చీకటి ఉన్నకాడ నిలబడ్తడు.

హోటల్ బుక్ చేసుకున్నోడు దొరికితే, "ఆ హోటల్ మొన్ననే మూసిండ్రు సార్" అంటడు. నమ్మకపోతే నేనే ఫోన్ కలిపిస్తనని తన సోపతిగానికి కలుపుతడు. అవతలోడు మేనేజర్ లెక్క మాట్లాడి, రూములు లేవు, మాఫ్ చెయ్యుండ్రి అంటడు. ఇగ ఆ మనిషిని తీస్కపోయి కమీషనిచ్చే మురికి లాడ్జిల పడేస్తడు. వానలైతే రోడ్డు మీదికి నీళ్లొచ్చినయంటడు. గణపతి పండుగైతే బాలాపూర్ ఊరేగింపు, తొవ్వలన్ని బంద్ అంటడు. సీజన్‌కో అబద్ధం.

గానీ వాని అసలు పనితనం గల్ఫ్ కెళ్లి వచ్చెటోళ్ల మీద. మనోళ్లకొక అలవాటున్నది కదా — అట్టపెట్టె చుట్టూ టేపేసి, తాడు కట్టి, పైన ఇంత లావు అక్షరాలతోని పేరు, ఊరు రాస్తరు. పెట్టె తప్పిపోవద్దని రాసుకునే రాత అది. నవీన్‌గాడు ఆ రాత దూరంకెళ్లే చదివి, పేరు పెట్టి పిలుసుకుంట, నవ్వుకుంట ఎదురువోతడు. ఏండ్లకేండ్లు పరాయి దేశంల చాకిరీ చేసొచ్చిన మనిషి... దిగంగనే ఎవరో తన పేరుతోని పిలిస్తే కరిగిపోడా? "మీ ఇంటోళ్లే పంపిండ్రు" అంటే ఎక్కి కూసుంటడు. పంపినోని పేరేంది, జర చెప్పు, అని ఒక్క మాట అడిగితే వీని బండారం ఆడనే బయటపడ్తుండె. ఎవరడుగుతరు? ఇంటికొచ్చిన సంబురం ఉంటది, నిద్రలేని కండ్లుంటయ్.

రెండేండ్ల కింద, నిమజ్జనం రాత్రి, సునీల గట్లనే దొరికింది.

మైలార్‌దేవ్‌పల్లి పిల్ల. కువైట్‌ల ఇంటిపని చేసి వచ్చింది. తండ్రి జ్ఞానయ్య తోలుకపోను బయలెల్లిండు గానీ, నిజంగనే ఊరేగింపుల ఇరుక్కున్నడు. ముసలాయన చేరేటాళ్లకు నవీన్‌గాడు ఆమెను ఎక్కించుకొని పోయిండు. ఆయన తెల్లారేదాంక ఎయిర్‌పోర్ట్ గేటు కాడ నిలబడ్డడు, వచ్చే మొకం పోయే మొకం చూసుకుంట.

నవీన్‌గాడు ఆమెతోని ఏం చెప్పిండంటే... మీ బాపు పంపిండు, తొవ్వలు బందున్నయ్, ఈ రాత్రికి గెస్ట్‌హౌస్‌ల పండుకో, పొద్దుగాల బాపే వస్తడు, సామాను డిక్కీల్నే ఉండనీ, భద్రంగ ఉంటది. ఆమె దిగి నాలుగడుగులు ఏసిందో లేదో, వాడు కారు తిప్పిండు. అప్పుడర్థమైంది పిల్లకు. కారెంబడి ఉరికింది. ఆ వాకిట్ల మూత లేని నీళ్ల సంపు ఉన్నది. చీకట్ల ఆమెకు కనపడలే, అండ్ల పడ్డది.

సచ్చిపోయింది సునీల. గంతటితోని అయిపోతే ఏడ్చి ఊకుందురు. పోలీసులు పిలిచి అడిగితే వీడు ఠాణాల ఏం చెప్పిండో తెలుసా? ఆమెనే ఆడ దింపుమన్నది, ఆమె కోసం ఎవడో మొగోడు నిలబడ్డడు, సామాను తీసుకొని నవ్వుకుంట దిగింది — గిట్ల చెప్పిండు. కాదనేటోళ్లు లేరు. కాగితాలల్ల అదే పడ్డది. బస్తీల అదే పాకింది. రాత్రిపూట లాడ్జికెందుకు పోయినట్టు, అని నోరున్నోళ్లంత అన్నరు. తల్లి ప్రేమావతి ప్రార్థనకు పోవుడు బందు పెట్టింది. పోతే ఆడోళ్లు పక్కకు జరిగి కూసుంటుండ్రి.

చెల్లె డోర్కాస్‌కు ఒక్కటే పట్టుదల. ఆ అబద్ధం చెప్పిన నోటితోనే నిజం చెప్పియ్యాలె, అక్క పేరు కడగాలె. వాని కాడికే పోయి అడిగింది. వాడు నవ్వి, చాయ్ తాగి, గ్లాసు పడేసి పోయిండు. నవ్విండు సూడుండ్రి... తర్వాత ఏదైతే అయ్యిందో, వానికి గట్లనే కావాలె.

ఇగ మొన్నటి రాత్రి ముచ్చట.

చలికాలం. మంచు దిగి లైట్లు మసక మసకగున్నయ్. వచ్చినోళ్లంత ఎవరి తొవ్వ వాళ్లు పట్టిండ్రు. నవీన్‌గానికి ఒక్క బేరం తగల్లే. ఇగ పోదామనుకునేటాళ్లకు ఒక ట్రాలీ కనపడ్డది... దాని మీద తాడు కట్టిన అట్టపెట్టె. పక్కన నల్లటి స్కార్ఫ్ కప్పుకున్న ఆడమనిషి. ఒక్కతే. మొకం అటు తిప్పుకొని ఉన్నది.

పెట్టె మీద చదివిండు. సునీల, మైలార్‌దేవ్‌పల్లి.

వానికి ఏం గుర్తుకు రాలే. దుర్మార్గం చూడుండ్రి — ఒక ఇంటి దీపం ఆర్పిండు, ఆ పేరు సుత వానికి మతిల లేదు. ఎన్ని పెట్టెలో, ఎన్ని పేర్లో.

"సునీలక్కా," అన్నడు.

ఆమె కదల్లే.

"సునీలక్కా..." జర గట్టిగ పిలిచిండు.

రాత్రిపూట ఆరుబయట ఎవ్వరినీ పేరు పెట్టి పిలవద్దంటరు పెద్దోళ్లు. ఇనేది ఎవరో తెల్వదు, పలికేది ఎవరో తెల్వదు. వానికి ఇంట్ల చెప్పినోళ్లు లేరో, చెప్పినా చెవికెక్కలేదో.

"ఓ సునీలక్కా, మీ బాపు పంపిండు."

అప్పుడు తిరిగింది ఆమె.

మొకం సగం స్కార్ఫ్‌లనే ఉన్నది. వాడు మొకం చూసేటోడు కాదు, పెట్టె చూసేటోడు. ఎత్తి డిక్కీల పెట్టిండు. మంచి బరువున్నది. సంబురపడుకుంట ఎనక డోర్ తీసి, ఎక్కక్కా అన్నడు.

కారు పెద్దరోడ్డు ఎక్కింది. తొవ్వల పని నడుస్తున్నదని చెప్పుదామని వాడు నోరు తెరిచిండు.

"బందున్నది కదా," అన్నది ఆమె. మెల్లగ. "నిమజ్జనం."

స్టీరింగ్ మీద వాని చెయ్యి ఆగింది. గణపతులు నీళ్లల్ల కలిసి నెలలైతున్నది. అవుతల దేశంల పండుగలెప్పుడో తెల్వక అన్నదేమో... గట్ల సర్దిచెప్పుకున్నడు. అవునక్కా బందే, తెలిసిన లాడ్జి ఉన్నది, ఆడ దింపుత, అన్నడు.

"వద్దు. మంఖాల్ తొవ్వల గులాబి రంగు ఇల్లున్నది. మా చెల్లె ఆడ ఉన్నది... నా కోసం చూస్తున్నది."

వాడు బ్రేక్ మీద కాలు పెట్టిండు. ఆ ఇంటి దిక్కు పోక రెండేండ్లు. "ఆ ఇల్లు మూసిండ్రక్కా," అన్నడు. వచ్చినోళ్లందరికి మూసిండ్రు, మూసిండ్రని చెప్పుకుంట బతికినోడు, ఆ ఒక్క పూట నిజం చెప్పిండు. నమ్మేదెవరు?

"తెరిచే ఉంటది," అన్నది. "పెట్టె డిక్కీల్నే ఉండనీ. భద్రంగ ఉంటది. పొద్దుగాల తెచ్చియ్యి."

ఆ మాటకు వాని భయం, బుగులంతా పోయింది. ఆశ గసొంటిది. అడగకముందే పెట్టె చేతికొస్తుంటే ఎవడిడుస్తడు? ఆ మాట ఇంతకుముందు ఎవరు ఎవరితోని అన్నరో ఒక్కపారి యాది చేసుకున్నా బతికిపోతుండె. చేసుకోలే. కారు మంఖాల్ దిక్కు తిప్పిండు.

గేటు తెరిచే ఉన్నది.

వాకిట్ల ఆపిండు, ఇంజిన్ బంద్ చెయ్యలే. ఎనక డోర్ తెరుచుకున్న సప్పుడు ఇనపడ్డది. మూసే సప్పుడు కోసం చూసిండు... రాలే. అద్దంల చూసిండు. సీట్ల ఎవ్వరు లేరు. దిగిందనుకున్నడు. డోర్ తెరిచి ఉంటే ఉండనీ అని గేర్ ఏసి కారు తిప్పిండు.

లైట్లు తిరిగి ఇంటి మీద పడ్డయ్. ఆ వెలుతుర్ల ఎదురుంగ ఆడమనిషి. నడుచుకుంట కారు మీదికే వస్తున్నది. స్కార్ఫ్ లేదు. మొకం సాఫ్‌గ కనపడుతున్నది.

అప్పుడు వచ్చింది వానికి మతికి. ఆ పేరేందో, ఆ పెట్టెవరిదో, ఆ వాకిట్ల ఏమైందో... అంతా ఒక్కసారి వచ్చింది.

కారు ఎగిరి ఆగిపోయింది. డోర్ తీసుకొని ఉరుకుదామని దిగిండు గానీ, ఆడనే కూలబడ్డడు. ఆమె వచ్చి మీద నిలబడ్డది.

"నేనెవరిని?" అన్నది. గుసగుస.

"సునీల... సునీలక్క."

"ఈడ దింపుమని నేనన్ననా?"

"లేదక్కా. నేనే తెచ్చిన. మీ బాపు పంపిండని అబద్ధం చెప్పిన. మొగోడు లేడు, ఎవ్వడు లేడు... అన్ని నేనే కల్పించిన."

"ఉరికొచ్చింది చూసినవా?"

"చూసిన. అద్దంల చూసిన. నువ్వు పడ్డది చూసిన... నువ్వు ఒర్రింది ఇన్న."

"ఎందుకాపలే?"

వాడు మట్టిల నెత్తి పెట్టిండు. మల్ల ఆమె అదే అడిగింది, అంతే మెల్లగ.

"ఆపితే సామాను ఇయ్యాల్సొస్తదని," అన్నడు.

గోడ కాడ ఎవరో దబ్బున కూలబడ్డ సప్పుడైంది. టార్చి ఎలిగింది. ముసలాయన జ్ఞానయ్య, నోట్ల కండువా కుక్కుకొని ఏడుస్తున్నడు. ముందర నిలబడ్డామె చేతిల ఫోన్. అన్న ప్రతి మాట దాంట్ల ఎక్కింది. ఆమె డోర్కాస్. అక్క పోలికే, అదే ఎత్తు, అదే నడక.

దెయ్యం కాదు, మనిషే అని తెలిసేటాళ్లకు నవీన్‌గానికి పానం తిరిగొచ్చింది. లేచి మట్టి దులుపుకున్నడు. సిగ్గన్నది ఉంటే కద.

"నువ్వా? మస్తు నాటకమాడినవ్. ఎయిర్‌పోర్ట్ కాడ పెట్టె, నల్ల స్కార్ఫ్... నా కార్ల కూసొని నిమజ్జనం అనుకుంట నన్నే బుగులు పెట్టినవ్."

డోర్కాస్ తండ్రి దిక్కు చూసింది. ఆయనకు సుత సమజ్ కాలే.

"నీ కార్లనా?" అన్నది. "మేం చీకటి పడ్డకాడికెళ్లి ఈడనే ఉన్నం."

అయ్యా, ఆళ్లు ఏసిన పథకం ఇంకోటి. డోర్కాస్ మొగడు కరుణ్ పెట్టె పట్టుకొని ఎయిర్‌పోర్ట్ కాడ నిలబడాలె. నవీన్‌గాడు వాసన పట్టి వస్తె, తక్కువ కిరాయికి ఆ గులాబి ఇల్లే కావాలని ఈడికి లాక్కురావాలె. గందుకే తండ్రీబిడ్డలు ఈడ మాటేసి కూసున్నరు.

ఫోన్ చూస్తే కరుణ్ కాల్స్ వరసగ ఉన్నయ్. సప్పుడు కావద్దని ఆమె రింగు తీసేసి పెట్టింది. అందరికి ఇనపడేటట్టు కలిపింది.

"ఎంతసేపటి నుంచి చేస్తున్న!" అని కరుణ్ ఒర్రిండు. "వాడు నా దిక్కు చూడనే లేదు. ఖాళీ ట్రాలీ ముందట నిలబడి... వదిన పేరు పిలిచిండు. మల్ల మల్ల పిలిచిండు. ఉత్త చేతులతోని డిక్కీల ఏదో పెట్టిండు. ఎనక డోర్ తీసి, ఎక్కక్కా అన్నడు. ఎవ్వరు లేరు డోర్కాస్. వాడు ఒక్కడే పోయిండు."

డోర్కాస్ ఫోన్ దించింది.

"కార్ల ఏమన్నది?" అని డోర్కాస్ అడిగింది. "మా అక్క నీతోని ఏమన్నది?"

"చెల్లె... చెల్లె ఆడ ఉన్నదన్నది. నా కోసం చూస్తున్నదన్నది."

రెండేండ్లు ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. బుగులుతోని కాదు. కారు కాడికి పోయింది, తెరిచి ఉన్న ఎనక డోర్ల ఒంగింది. చీకటి సీటుతోని గుసగుసగ, "అక్కా, వాడు ఒప్పుకున్నడు. బాపు ఇన్నడు," అన్నది.

నవీన్‌గాడు పోయి జ్ఞానయ్య కాళ్లు పట్టుకున్నడు. ఇప్పుడే ఠాణాకు పోదాం, ఏడ రాయమంటే ఆడ రాసిస్త, నడుచుకుంటనే వస్త, ఆ కారు మాత్రం ఎక్కనని బతిమిలాడిండు.

డోర్కాస్ కండ్లు తుడుసుకొని తిరిగింది.

"ఠాణా ఏడికి పోదు. మా బాపు పంపిండనే గద, మా అక్కను ఎక్కించుకున్నవ్? ఇగో, మా బాపు ఈడనే ఉన్నడు. పంపుతున్నడు. ఇల్లు మైలార్‌దేవ్‌పల్లిల, మా అమ్మ మేల్కొనే ఉంటది. తీస్కపోయి దింపు."

జ్ఞానయ్య కాళ్లు ఇడిపించుకొని లేచిండు. పోయి డ్రైవర్ దిక్కు డోర్ తీసి, వాని కోసం పట్టుకొని నిలబడ్డడు.

ఎనక డోర్ కాడ ఎవ్వరు లేరు. అది మెల్లగ మూసుకున్నది.