మావయ్యగారి టేకు బాక్సులు

ఉషశ్రీకి అన్నిటికన్నా పెద్ద భయం, తన కూతురికి ఏదో లోపం ఉందని ఎవరైనా తేల్చి చెబుతారేమోనని. బుడమేరు వాగు పొంగి నీళ్లు గుమ్మందాకా వచ్చిన నాడు కూడా ఆమె అంత భయపడలేదు.

నాలుగేళ్ల అపూర్వ మామూలుగానే తింటుంది, ఆడుకుంటుంది, ఎవరొచ్చినా ఒళ్లో కూర్చుని ఊసులు చెబుతుంది. ఒక్క ఆదివారం పొద్దున మాత్రం రెండు చేతులతో చెవులు మూసుకుని, మంచం కిందికి దూరి ఏడుస్తుంది. ఫోన్లో ఏవేవో వీడియోలు చూసి, శబ్దానికి భయపడే పిల్లల గురించి వాళ్లూ వీళ్లూ చెప్పే మాటలు విని, ఉషశ్రీ లోలోపలే కుమిలిపోయేది. మొగుడితో కూడా అనలేదు. అంటే అదే నిజమైపోతుందేమోనని.

ఆ ఆదివారమూ అన్ని ఆదివారాల్లాగే తెల్లారింది. గుణదలలోని ఆ ఇంట్లో ఎనిమిదింటికి ఆమె మావగారు తిరుపతిరావు పాట పెడతారు. ముప్పై ఎనిమిదేళ్లు గవర్నర్‌పేటలో ఆయనకి ఆంప్లిఫయర్లు కట్టే షాపు ఉండేది. బందరు నుంచి నూజివీడు దాకా మంచి సౌండు కావాలనుకున్నవాళ్లంతా అక్కడికే వచ్చేవారు. పెద్ద కంపెనీ స్పీకర్లు తెచ్చి పెట్టినా ఆయన కళ్లు మూసుకుని ఒక నిమిషం విని, "ఎడం పక్క దానికి జలుబు చేసింది" అనేవారట. విప్పి చూస్తే నిజంగానే అక్కడ లోపం ఉండేదట. మోకాళ్ల నొప్పులతో షాపు మూసి నాలుగేళ్లయింది. తన చేత్తో చేసుకున్న రెండు టేకు స్పీకరు బాక్సులు, ఒక ఆంప్లిఫయరు, కొన్ని పనిముట్లు మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు. ఛాతీ ఎత్తు బాక్సులు. సగం హాలు వాటిదే. పాట మొదలైతే వాటికీ ఆయన కుర్చీకీ మధ్య ఎవరూ నడవకూడదు. అత్తగారు సీతారావమ్మ సైతం కాఫీ గ్లాసు పట్టుకుని వెనక వసారా మీదుగా చుట్టూ తిరిగి వచ్చేది.

పటమటలో ఉండే రిటైర్డు మాస్టారు రామకోటేశ్వరరావు గారు ఎప్పట్లాగే వచ్చి రెండో కుర్చీలో కూర్చున్నారు. ఆయన కళ్లు వంటింటి గట్టు మీద ఉన్న గుండ్రటి స్పీకరు మీద పడ్డాయి. కొబ్బరికాయంత ఉంటుంది. మూడు రోజుల కింద ఉషశ్రీ భర్త జయంత్ కొని తెచ్చాడు. పాట పేరు నోటితో చెబితే చాలు, పాడుతుంది. ఉషశ్రీ కూర తరుగుతూ, అపూర్వ గెంతుతూ రోజంతా దాన్నే వింటున్నారు.

"ఏవిటండీ తిరుపతిరావు గారూ అది? మరచెంబుకి జాలీ కట్టినట్టుంది!" అన్నారు మాస్టారు.

"స్పీకరంట మాస్టారూ! మావాడి ఘనకార్యం," అన్నారు తిరుపతిరావు. "అందులో వేణువు ఎక్కడుందో, తబలా ఎక్కడుందో మీరు చెప్పగలరా? కచేరీ మొత్తాన్ని ఒక్క ఆటోలో కుక్కినట్టుంటుంది. మృదంగం ఒళ్లో వీణ, వీణ ఒళ్లో పాడేవాడు!"

ఇద్దరూ పకపకా నవ్వారు. పేపరు చూస్తున్న జయంత్ తలెత్తాడు. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపులో సేల్స్ చూస్తాడతను. మాటకి మాట అప్పజెప్పడం వృత్తిలోనే వచ్చింది.

"ఊరు ఊరంతా ఆటోల్లోనే తిరుగుతోంది నాన్నా. చేరాల్సిన చోటికి చేరుతున్నారుగా! అయినా కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని పాట వినే తీరిక ఇప్పుడెవరికుంది?"

"తీరిక లేనివాడు పాట జోలికి రాకూడదురా."

"మీ కోడలికి తీరిక లేదు మరి. ఆవిడ పాట వినొద్దా?"

తిరుపతిరావు రికార్డు పెట్టారు. వేణువు మొదలైంది. "ఆహా, ఆ మెరుపు చూడండి మాస్టారూ!" అన్నారాయన. "మెరుపండీ, మెరుపే!" అని మాస్టారు తల ఊపారు. సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి అపూర్వ కెవ్వుమంది. ఉషశ్రీ పరిగెత్తేసరికి పిల్ల అప్పటికే మంచం కింద ఉంది. చెవులు అదిమి పట్టిన వేళ్లు ఎర్రబడిపోయాయి.

జయంత్ పేపరు విసిరికొట్టి వెళ్లి స్విచ్చి కట్టేశాడు.

"ఇక చాలు నాన్నా. మూడు రోజుల్నుంచి చూస్తున్నా. ఆ చిన్న స్పీకరు ముందు పాప డాన్సు చేస్తోంది. వీటి ముందు ఏడుస్తోంది. వీటిని తీసేద్దాం. మా ఓనరు ఫంక్షన్ హాలు కట్టాడు, అందులో పెట్టుకుంటానన్నాడు."

"ఫంక్షన్ హాల్లోనా?" తిరుపతిరావు కుర్చీలోంచి లేచారు. "నేను ఒక్కో మేకూ ఏరుకుని కొట్టిన బాక్సులు, వడ్డించేవాళ్లు సాంబారు బకెట్లు పెట్టుకోడానికా?"

"పాపకన్నా అవే ఎక్కువా?"

"లోపం నా బాక్సుల్లో లేదురా! నలభై ఏళ్లు నా చెవిని నమ్మి జనం వచ్చారు. లోపం ఉంటే పిల్ల చెవిలో ఉంటుంది. తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి!"

ఉషశ్రీ పిల్లని ఎత్తుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏడాదిగా ఏ మాట వినకూడదని దేవుడికి మొక్కుకుంటోందో, అది బయటివాళ్ల నోట కాదు, సొంత తాత నోట వచ్చింది. ఎప్పుడూ మావగారి ఎదుట గొంతు పెంచనిది, ముందుకొచ్చింది.

"పాపకొక్కదానికే కాదు మావయ్యగారూ. నాకూ గుచ్చుకుంటుందండీ."

"ఏం గుచ్చుకుంటుంది?"

"పాట వెనకాల సూది లాంటిది ఏదో ఉంటుందండీ. పళ్లు జివ్వుమంటాయి. అందుకే మీరు పాట పెట్టగానే పెరట్లోకి పోయి బట్టలు ఉతుక్కుంటాను."

"ఎప్పట్నించి?" అన్నాడు జయంత్.

"ఏడాది దాటింది."

"మరి చెప్పవేం ఉషా?"

ఆమె కళ్లు నిండిపోయాయి. "ఇంటర్ మధ్యలో మానేసినదాన్ని. నాకేం తెలుసని చెప్పను? మావయ్యగారు, మాస్టారుగారు అంతటివాళ్లు కళ్లు మూసుకుని ఆహా అంటుంటే, వినడం చేతకానిది నాకే అనుకున్నా."

తిరుపతిరావు మొహం గంటుపెట్టుకున్నారు. లోపలికెళ్లి, అటక మీద నుంచి జయంత్ చేత ఒక ఇనప్పెట్టె దింపించారు. షాపులో స్పీకర్లు పరీక్షించే టోన్ మిషను అది. దాని మీది చక్రం తిప్పే కొద్దీ శబ్దం బొంగురు గొంతు నుంచి సన్నటి ఈల దాకా పైకి పోతూ ఉంటుంది.

"అందరూ చెయ్యెత్తండి. శబ్దం వినిపిస్తున్నంతసేపూ చెయ్యి పైనే ఉండాలి. ఆగిపోగానే దింపండి. నా బాక్సుల్లో సూదులున్నాయో, ఎవరి చెవిలో ఏముందో ఇదే తేలుస్తుంది," అన్నారు. మిషనుని ఆంప్లిఫయరుకి తగిలించి, సౌండు బాగా తగ్గించి పెట్టారు. తాత ఏదో ఆట మొదలుపెట్టాడనుకుని అపూర్వ కూడా బుగ్గలు తుడుచుకుని చెయ్యెత్తింది.

ముందు తుమ్మెద రొదలాగా వచ్చింది. తర్వాత శంఖంలా, తర్వాత ఈలలా. చక్రం నెమ్మదిగా తిరుగుతోంది. ఎవరి చెయ్యీ దిగలేదు. ఇంకాస్త తిప్పి తిరుపతిరావు తన చెయ్యి దింపేశారు.

"అయిపోయింది. దింపండి."

ఎవరూ దింపలేదు.

"ఆటలాడుతున్నారా? ఆగిపోయిందంటుంటే!"

"ఎక్కడాగిందండీ," అంది సీతారావమ్మ. "కుక్కరు ఈలలాగా వస్తూనే ఉందిగా."

ఆయన ఆమెకేసి వింతగా చూసి చక్రం మరికాస్త తిప్పారు. అత్తగారి చెయ్యి దిగింది. జయంత్ చెయ్యి పైనే ఉంది. ఉషశ్రీ చెయ్యి పైనే ఉంది. మాస్టారి చెయ్యి కూడా పైనే ఉంది.

"మాస్టారూ, మీక్కూడా వినిపిస్తోందా?" అన్నారు తిరుపతిరావు.

మాస్టారు గొంతు సవరించుకుని మెల్లగా చెయ్యి దింపేశారు. "క్షమించండి తిరుపతిరావు గారూ. నాకెప్పుడో ఆగిపోయింది. వీళ్లంతా వింటున్నారు గదా అని మర్యాదకి ఎత్తి ఉంచా."

జయంత్‌కి నవ్వొచ్చింది గానీ తండ్రి మొహం చూసి ఆపుకున్నాడు. ఆయన చక్రం తిప్పుతూనే ఉన్నారు. ఆయనకి ఏమీ వినిపించడం లేదు. వాళ్ల చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. జయంత్ చెయ్యి దిగింది. ఇంకాసేపటికి ఉషశ్రీది దిగింది. అపూర్వ చెయ్యి మాత్రం చివరిదాకా నిటారుగా నిలబడే ఉంది. చక్రం ఆ చివరికి తగలబోయేముందు, "అయిపోయింది తాతా!" అని కిందికి దింపింది.

తిరుపతిరావు చక్రం మీది అంకెలు చూశారు. అంకె పెరిగే కొద్దీ శబ్దం సన్నబడుతుంది. మనవరాలి చెవి పదహారు వేలు దాటింది. తన చెయ్యి ఏడున్నర వేల దగ్గర దిగింది. లేచి ఆంప్లిఫయరు దగ్గరకెళ్లారు. సన్నటి శబ్దాలని పెంచే ట్రెబుల్ బిళ్ల చివరికంటా తిరిగి ఉంది. ఏటేటా మెరుపు తగ్గిందనుకుంటూ కొంచెం కొంచెం పెంచుకొచ్చింది తన చేతులే. చాలక, బాక్సుల్లో పైశబ్దం ఇచ్చే చిన్న స్పీకర్ల జోరు కూడా పెంచారు. తగ్గుతున్నది పాటలో కాదు, తనలో. ఆయన నేల మీద చతికిలబడిపోయారు.

"పిల్లది దేవుడిచ్చిన చెవితో వింటోందమ్మా," అన్నారు కోడలితో. "ఏ డాక్టరూ అక్కర్లేదు. చూపించుకోవాల్సింది నేను. నలభై ఏళ్లు ఊరందరి లోపాలు పట్టినవాణ్ని, నా ఇంట్లో పసిదాన్ని ఏడాదిపాటు నేనే ఏడిపించాను."

ఉషశ్రీకి ఏడుపు ఆగలేదు. అది బాధ కాదు. పిల్ల తల మీద మొహం ఆనించి, లోపల గడ్డకట్టిందంతా కరిగిపోయేదాకా ఏడ్చింది. సీతారావమ్మ కూడా పమిట చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"వెనకనుంచి పిలిస్తే పలకరేంటా అనుకునేదాన్ని. పెద్ద పేరొచ్చింది కదా, పొగరేమోననుకున్నానండీ ఇన్నాళ్లూ," అంది. ఆ మాటకి ఏడుస్తూనే అందరూ నవ్వారు.

కాసేపటికి తిరుపతిరావు లేచి వంటింట్లోకి వెళ్లి, గుండ్రటి స్పీకరుని చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు.

"దీన్ని చేసినవాళ్లు వెయ్యి మంది చెవులకి వినిపించి సరిచేసి ఉంటారురా. నేను ఒక్క చెవినే నమ్ముకున్నాను. ఆ మేరకు ఇదే గెలిచింది," అన్నారు. మళ్లీ ఆయన నోరు ఊరుకోలేదు. "కానీ దీంట్లో వేణువు ఎక్కడుందో ఇప్పటికీ తెలీదు. ఆ మాట మాత్రం వదులుకోను."

"మీరు వదులుకోకండి నాన్నా," అన్నాడు జయంత్. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు. "ఫంక్షన్ హాలు మాట నేను వదులుకుంటాను."

తిరుపతిరావు బాక్సుల వెనక చేరి, పెంచినదంతా తీసేసి మునుపటిలా బిగించారు. తర్వాత ఉషశ్రీని పిలిచి ఆంప్లిఫయరు ముందు నిలబెట్టారు.

"బిళ్ల నువ్వే తిప్పమ్మా. ఎక్కడ ఆపాలో నీ చెవి చెబుతుంది."

"నాకేం తెలుసండీ మావయ్యగారూ."

"పులుసులో ఉప్పు చాలిందో లేదో ఎవర్నడిగి తెలుసుకుంటున్నావ్? ఇదీ అంతే. తిప్పు."

వేణువు మళ్లీ మొదలైంది. ఉషశ్రీ కొద్దిగా తిప్పింది. సూది మొన అరిగింది. ఇంకాస్త తిప్పింది. ఒకచోట వేలు దానంతట అదే ఆగిపోయింది. వేణువు వాయించే మనిషి ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఎడం పక్కన, కిటికీ దగ్గర అతను నిలబడ్డట్టే ఉంది. తబలా కుడి పక్కన, కాస్త వెనకగా ఉంది. తనకి వినడం వచ్చు. ఆ సంగతి ఆ రోజు దాకా ఆమెకే తెలియదు.

జయంత్ ఫోన్ పక్కన పెట్టి, కింద కూర్చుని పాట చివరిదాకా విన్నాడు. అపూర్వ తాత ఒళ్లో ఎక్కింది. చెవులు మూసుకోలేదు.

ఆ వారమే తిరుపతిరావు డాక్టరుకి చూపించుకుని, చెవులకి వినికిడి మిషను పెట్టించుకున్నారు. చెవిపోగుల్లాగా అందరికీ చూపించి మరీ పెట్టుకున్నారు. ఆ నెలాఖరులో గుడివాడ నుంచి పాత ఖాతాదారు ఒకాయన ఫోన్ చేశాడు. కొత్తగా పెద్ద స్పీకర్లు కొన్నాననీ, ఏదో తేడాగా ఉందనీ, ఒకసారి వచ్చి వినాలనీ అడిగాడు.

"వస్తానండీ. కానీ నా చెవులు ఏడున్నర వేల దగ్గర ఆగిపోతాయి. ఆ పైది మా కోడలు వింటుంది. ఇద్దరం వస్తాం," అన్నారాయన, వీధిలోకి కూడా వినపడేంత గట్టిగా.

గుడివాడలో ఆ హాల్లో ఉషశ్రీ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. పాట సగంలో, "కింద బాగుందండీ. పైన మాత్రం పోపు మాడినట్టుంది, కుడి పక్క దాంట్లో," అంది. తిరుపతిరావు విప్పి చూస్తే, కుడి బాక్సులో చిన్న స్పీకరు మరలు వదులై అదురుతోంది. ఇంటాయన వంగి ఆ మరలు చూసి, తిరుపతిరావు వైపు తిరిగాడు.

"అమ్మాయి ఏం చదివిందండీ?"

"ఏం చదివితే ఏంటండీ! విన్నారుగా?" అన్నారు తిరుపతిరావు. స్క్రూ డ్రైవరు కోడలి చేతికిచ్చి, "బిగించమ్మా, నువ్వే కనిపెట్టావు, నువ్వే బిగించు," అని పక్కకి జరిగి ఆమెకి దారిచ్చారు. ఉషశ్రీ బిగించింది. తల ఎత్తుకుని బిగించింది.

ఇది చదివిన మీ ఇంట్లోనో, పక్కింట్లోనో టీవీ సౌండు రోజుకింత పెంచుకుంటూ పోయే పెద్దాయనో, మాట అందక ఊరికే నవ్వి తల ఊపే పెద్దావిడో ఉండే ఉంటారు. ఫోన్ పక్కన పెట్టి ఒక్కసారి వాళ్ల దగ్గరకి వెళ్లండి. వెనక నిలబడి, మెల్లగా పిలిచి చూడండి.