రెండు కుర్చీల సర్వర్

"మళ్ళీ అదే మాట అంటోంది పెద్దమ్మా," అంది సుభాషిణి, కంప్యూటర్ తెర చూపిస్తూ. "రెండు కుర్చీలూ నిండిపోయాయట."

మరిడమ్మ గదంతా కలయజూసింది. కొత్తరేవు హార్బర్ ఆఫీసులో ఉన్నవి ఆరు కుర్చీలు. ఒకదాంట్లో గేటు నడిపే గుమాస్తా సుభాషిణి కూర్చుంది. తక్కిన అయిదూ ఖాళీ.

"ఏ కుర్చీలే తల్లీ? ఇక్కడ పిట్టయినా లేదు గదా!"

"ఇక్కడివి కావు. కొండ మీదివి."

సముద్రం ఊళ్ళోకి రాకుండా పదేళ్ళ కిందట కొత్తరేవుకి గోడ కట్టారు. పడవలు వచ్చిపోవడానికి ఆ గోడలో ఉక్కు గేటు పెట్టారు. అల మనిషెత్తు లేస్తే గేటు దానంతటదే మూసుకుంటుంది. తెరవాలంటే మాత్రం మనిషి చెప్పాలి. చెప్పాల్సింది గేటుకి కాదు, రెండొందల మైళ్ళ అవతల చల్లటి కొండ మీదున్న సర్వర్‌కి. ఆ సర్వర్‌కి తనదైన డెస్క్‌టాప్, అంటే పనిచేసే బల్ల లాంటి తెర, ఉంది. సుభాషిణి ఇక్కణ్ణుంచి కనెక్ట్ అయితే దాని బొమ్మ ఈ తెర మీదికొచ్చి నిలుస్తుంది. ఇక్కడ మౌస్ కదిపితే అక్కడ బాణం కదులుతుంది. అక్కడ జరిగింది రెప్పపాటులో ఇక్కడ కనబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు మరిడమ్మ ముక్కున వేలేసుకుంది. ఇంత దూరాన కూర్చుని కొండ మీది బల్ల సర్దడమంటే దేవతల పనేగాని మనుషుల పని కాదనుకుంది.

ఇవాళ ఆ ముచ్చట లేదు. గేటు మూసుకుపోయి, గోడ అవతల పదకొండు పడవలు అలల మీద ఎగిరెగిరి పడుతున్నాయి. ఒకదాంట్లో మరిడమ్మ తమ్ముడు గురువులు ఉన్నాడు. పొద్దుగూకేలోపే తుపాను తీరం దాటుతుందని రేడియో మొత్తుకుంటోంది.

"చేత్తో తిప్పే చక్రం ఉండేది గదే?"

"యంత్రం వచ్చాక అక్కర్లేదని పాత ఇనప సామాన్లకి అమ్మేశారు."

"ఎవడి తెలివి అది? వాడి బుర్ర కూడా అమ్మేయకపోయాడా!"

సర్వర్‌ని తయారుచేసి ఆ కొండ మీదే ఉంటున్న డాక్టర్ హైమవతికి సుభాషిణి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"ఒకేసారి ఇద్దరే లోపల ఉండగలరు," అంది హైమవతి. "మీ శాఖ రెండు కుర్చీలే అడిగింది. ఒకటి మీ సూపరింటెండెంట్ పేర్రాజుగారిది. నలభై ఒక్క గంటలుగా లోపలే ఉన్నారు. రెండోది ఆయనకి ముందు పనిచేసినాయనది."

"ఆయన బదిలీ అయి మూడు నెలలైందండీ!"

"సైన్ అవుట్ చేయకుండా వెళ్ళిపోయి ఉంటారు. తెర మూసేసినంత మాత్రాన లేచినట్టు కాదు. సర్వర్ లెక్కలో ఆయనింకా కూర్చునే ఉన్నాడు."

మరిడమ్మకి చటుక్కున అర్థమైంది. "అంటే బస్సు కిటికీలోంచి సీట్లో తువ్వాలేసి, టీ తాగడానికి పోయినట్టా?"

"అచ్చం అంతేనమ్మా."

"మేమయితే ఆ తువ్వాల తీసి రోడ్డు మీద పారేస్తాం. నువ్వూ పారెయ్!"

"నా చేతుల్లో లేదమ్మా. అధికారిని ఆయన ఒప్పుకోకుండా లేపకూడదని మీ శాఖే నియమం పెట్టించింది. అధికారుల హాజరు కట్టేది లోపలున్న గంటలనిబట్టే మరి. అయితే ఒక దారుంది. పేర్రాజుగారి కుర్చీ వెనక నిలబడి, ఆయన పేరు మీదే సుభాషిణి గేటు తియ్యొచ్చు. ఆయన ఫోన్ మీద కుడి బొటనవేలు ఆనిస్తే చాలు."

అడుగుతూ పేర్రాజు ఫోన్‌కి సందేశం వెళ్ళింది. జవాబు లేదు. సుభాషిణి ఫోన్ చేసింది. ఆరోసారికి ఎవరో ఎత్తి పేర్రాజు చెవి దగ్గర పెట్టారు. వెనక సన్నాయి మోగుతోంది.

"బావమరిది గృహప్రవేశమమ్మా. పంక్తిలో ఉన్నాను. చెయ్యి ఎంగిలి. పాయసం వడ్డించేస్తే లేచిపోతాను."

"సార్, పడవలు..."

"నేను లోపలే ఉన్నాను కదా! రికార్డు చూసుకో."

మరిడమ్మ ఫోన్ లాక్కుంది.

"బాబూ పేర్రాజు బాబూ! అక్కడ యాభై అయిదు మంది ఉప్పునీళ్ళు మింగుతున్నారు, నీకు పాయసం కావాలా? ఆ వేలు నీ పంచెకి తుడుచుకో!"

"పట్టుపంచె అమ్మా!"

"అయితే పట్టుపంచెకే తుడు! మరక పోకపోతే పట్టుకురా, నేనుతుకుతాను. మా వాళ్ళు పోతే నువ్వు తేగలవా?"

సన్నాయి మోగుతూనే ఉంది. పక్కనెవరో "ఎవరండీ ఆవిడ?" అంటున్నారు. పేర్రాజు ఏదో గొణిగాడు. వేలు ఆనించినట్టున్నాడు, అంతలో తెర మీద కొండ మీది డెస్క్‌టాప్ విచ్చుకుంది. సుభాషిణి బాణాన్ని గేటు బొమ్మ మీదికి తోసింది. కిటికీ అవతల ఉక్కు కీచుమంది. పడవలు ఒకటొకటే లోపలికొచ్చాయి. గురువులు అందరినీ ముందు పంపి ఆఖర్న వచ్చాడు. మరిడమ్మ వాణ్ణి నాలుగు తిట్టి, అప్పుడు ఏడ్చింది.

నెల తిరిగేసరికి రేవులో పందిరి వేశారు. తుపానులో గేటు తెరిచి యాభై అయిదు ప్రాణాలు కాపాడినందుకు పేర్రాజుకి శాలువా కప్పి, పతకం ఇచ్చారు. సర్వర్ రికార్డులో ఉన్నది ఆయన పేరే. పైగా నలభై ఒక్క గంటలు నిద్రాహారాలు మాని కుర్చీ వదలని కర్తవ్యదీక్ష అని పొగిడారు. అదే రోజు సుభాషిణికి మెమో వచ్చింది. గేటు తెరిచిన వేళ ఆమె లోపల ఉన్నట్టు రికార్డులో ఎక్కడా లేదట. విధులకు ఎందుకు గైర్హాజరయ్యావో చెప్పమన్నారు.

మరిడమ్మ పందిట్లోనే లేచి నిలబడింది. "అబద్ధం! ఆ వేళ ఈ బాబు విస్తరి ముందున్నాడు. గేటు తీసింది ఈ పిల్ల. నా కళ్ళతో చూశాను!"

"కూర్చోమ్మా," అన్నాడు వేదిక మీది పెద్దాఫీసరు, నవ్వుతూ. "మనుషులు పొరబడతారు గాని, యంత్రం పొరబడదు."

మరిడమ్మ కూర్చోలేదు. అతిథిగా పిలిస్తే వచ్చి, ముందు వరసలో తలొంచుకున్న హైమవతి దగ్గరికి నేరుగా నడిచింది.

"ఇంత చదువుకున్నావు తల్లీ. రెండొందల మైళ్ళ అవతలి బల్లని మా కళ్ళ ముందుకి తెచ్చావు. ఆ బల్ల ముందు కూర్చున్నదెవరో చూసే ఉపాయం నీకు తట్టలేదా?"

"తట్టిందమ్మా. కష్టం కూడా కాదు," అంది హైమవతి మెల్లగా. "అది కావాలని ఎవరూ అడగలేదు."

హైమవతి తిరిగి కొండెక్కేలోపు పక్క రేవుల నుంచి తొమ్మిది మంది సూపరింటెండెంట్లు ఆమెకి ఫోన్ చేశారు. తొమ్మిది మందీ ఒక్కటే అడిగారు: నలభై ఒక్క గంటలు కాదు, ఏడాది పొడుగునా లోపలే ఉన్నట్టు ఉండాలంటే ఏం చెయ్యాలండీ?